తిలాపియాకు గేలం: విశాఖ చెరువుల్లో పరాయి చేపను తగ్గించి మన చేపను నిలబెట్టే పద్ధతి

గేలంతో ఒక చెరువులోని తిలాపియాను పూర్తిగా తుడిచిపెట్టడం కుదరదు. ఈ సంగతి తెలిసి దిగితే మిగతా పని సవ్యంగా సాగుతుంది. చిన్న చెరువుల్లో, బందల్లో, కోనేళ్లలో ఆ చేప సంఖ్యను ఏడాది పొడవునా అణిచి ఉంచవచ్చు. ఆ సందులో పరిగెలు, జెల్లలు, కొరమీను పిల్లలు కోలుకుంటాయి. అందుకు మూడు షరతులున్నాయి: పడిన తిలాపియా ఎంత చిన్నదైనా తీసేయాలి, వేటాడే మన చేపల జోలికి పోకూడదు, ప్రతి పూటా లెక్క రాయాలి.

సరదాకి గేలం వేసేవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పులుసుకి పనికొచ్చే పెద్ద తిలాపియాను ఇంటికి తీసుకెళ్తారు, వేలెడంత పిల్లని జాలిపడి నీళ్లలో వేస్తారు, కొరమీను పడితే పండగ చేసుకుంటారు. పెద్దవి పోయేసరికి మేతకి పోటీ తగ్గి చిన్నవి త్వరగా ఎదుగుతాయి. వాటిని తినే కొరమీను కూడా పోయింది కాబట్టి అడ్డు లేదు. మరుసటి ఏడాదికి ఆ చెరువులో తిలాపియా మునుపటికంటే ఎక్కువే ఉంటుంది.

ఏది పరాయి, ఏది మనది

గేలం కొనేముందు నేర్చుకోవాల్సింది ఇది. మొజాంబిక్ తిలాపియాను మన దేశానికి 1952లో తెచ్చారు. దాని వెనక నైలు తిలాపియా వచ్చింది. సంతలో రెండింటినీ తిలాపియా అనో, జిలేబి చేప అనో అంటారు. తోక రెక్క మీద నిలువు చారలుంటే నైలు రకం. చారలు లేకుండా, ఒళ్లంతా నల్లబడి గొంతు దగ్గర తెల్లగా, రెక్కల అంచులు ఎర్రగా ఉంటే మొజాంబిక్ మగ చేప, అదీ జత కట్టే ఊపులో ఉన్నది. మన పనికి రెండూ ఒకటే.

అసలు చిక్కు తిలాపియాకి, మన దువ్వెన చేపకి మధ్య వస్తుంది. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే ఉప్పుటేరులో రెండూ దొరకొచ్చు, ఎందుకంటే మొజాంబిక్ తిలాపియా ఉప్పుని బాగా తట్టుకుంటుంది. రంగుని నమ్మకండి, పొట్ట కింద మలద్వారం వెనకనున్న రెక్కలో ముళ్లు లెక్కపెట్టండి. తిలాపియాకి మూడే. దువ్వెన చేపకి 12 గానీ 13 గానీ. మన గొరక చేపకి 9 నుంచి 11. చేపను వెల్లకిలా తిప్పి గోటితో ఒక్కో ముల్లూ తడిమితే పది సెకన్లలో తేలిపోతుంది. మూడు ముళ్లున్న చేపలు మనవాటిలోనూ ఉన్నాయి, పండుగప్పే అందుకు ఉదాహరణ. కానీ దాని నోరు పెద్దది, వీపు రెక్క మధ్యలో తెగినట్టుంటుంది. తిలాపియా నోరు చిన్నది, వీపు రెక్క తెగకుండా ఒకే పట్టీలా సాగుతుంది.

రెండో చిక్కు మార్పు అనే మన చేపకి, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కి మధ్య. ఇక్కడ పొరపాటు పడితే నష్టం పెద్దది, ఎందుకంటే మన మార్పు అంతరించే ప్రమాదంలో ఉన్న చేపల జాబితాలో ఉంది. ఆఫ్రికన్ రకం పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించినా దొంగచాటుగా సాగుతూనే ఉంది. తల పైభాగాన, వీపు మొదలయ్యే చోట పుర్రె ఎముక వెనక్కి పొడుచుకొస్తుంది. మార్పుకి ఆ అంచు గుండ్రంగా ఉంటుంది, ఆఫ్రికన్ దానికి కోణం తిరిగి మొనదేలి ఉంటుంది. చర్మం మీద వేలుతో నొక్కి పాముతూ చూస్తే తెలుస్తుంది. ఆఫ్రికన్ దాని ఒంటి మీద పాలరాతి మీద ఉన్నట్టు మచ్చలు, కింద తెల్లటి పొట్ట. కిలో దాటితే దాదాపు అనుమానం అక్కర్లేదు, మార్పు అంత బరువు తూగదు. అరకిలో లోపుదైతే, పుర్రె అంచు స్పష్టంగా తెలియకపోతే, తల పైనుంచి ఒక ఫోటో తీసి వదిలేయండి. ఒక పరాయి చేప తప్పించుకుంటే వచ్చే వారం దొరుకుతుంది. పొరపాటున చంపిన మార్పు తిరిగి రాదు. ఇంగిలాయి అనే మన చేపతో మాత్రం తికమక పడనక్కర్లేదు: దాని వీపు రెక్క చిన్న జెండాలా మెడ దగ్గరే ఆగిపోతుంది, మిగతా రెండింటికీ తోకదాకా సాగుతుంది.

దెయ్యం చేప, అంటే అక్వేరియం అద్దాలు నాకుతుందని అమ్మే సక్కర్ చేప, ఒళ్లంతా ఎముక పలకల కవచం, కింద గుండ్రటి నోరు. మైదానంలో దానికి పోలిక లేదు. అరకు వైపు కొండ గెడ్డల్లో రాళ్లకి అతుక్కునే చిన్న చేపలు ఉంటాయి. వాటికి కవచం ఉండదు, అవి మనవి, ముట్టుకోవద్దు. రూప్‌చంద్ అనే పరాయి చేపని పళ్లు పట్టిస్తాయి. పెదవి ఎత్తి చూస్తే మనిషి దవడ పళ్లలా ఉంటాయి, తోకకి ముందు వీపు మీద చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది.

పరాయి చేప అనగానే తీసేయాల్సిన చేప కాదు. బంగారు తీగ, గడ్డి చేప, వెండి చేప విదేశాలవే, కానీ చాలా చెరువుల్లో వాటిని మత్స్యకార సంఘాలు డబ్బు పెట్టి కొని నీటిలో వదులుతాయి. లీజు చెరువులో రూప్‌చంద్ కూడా అలాంటి పెంపకపు చేపే కావచ్చు. అనుమతి లేకుండా పడితే అది పరిరక్షణ కాదు, దొంగతనం.

యూట్యూబ్ చూసి వచ్చేవాళ్లకి రెండు ముక్కలు. అట్లాంటిక్‌లో లయన్ ఫిష్‌ని వేటాడే వీడియోలు బోలెడు. ఆ చేప హిందూ మహాసముద్ర ప్రాంతానిది. రుషికొండ రాళ్ల దగ్గర కనిపిస్తే అది దాని పుట్టిల్లే. అలాగే అమెరికాలో స్నేక్‌హెడ్ కనబడితే చంపమంటారు. మన కొరమీను ఆ కుటుంబంలోదే, ఇక్కడ అది కాపలాదారు.

ఏ నీరు, ఎవరి అనుమతి

మొదటి ప్రయత్నానికి మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాలు పెట్టుకోకండి. అంత నీటిలో పదిమంది గేలాలు సముద్రంలో కాకిరెట్ట. పైగా అవి తాగునీటి వనరులు. అయిదెకరాల లోపు, ఒక్క తూము, ఒక్క అలుగు ఉన్న ఊరి చెరువో బందో అయితే ఫలితం కంటికి కనిపిస్తుంది. రాళ్లు తీసిన గోతుల్లో నిలిచిన నీరు ఇంకా మేలు, రావడానికీ పోవడానికీ దారి లేదు కాబట్టి. అయితే అక్కడ లోతు హఠాత్తుగా పడిపోతుంది. ఈత రానివాళ్లని గట్టు మీదే ఉంచండి.

కంబాలకొండ అభయారణ్యం లోపల గేలం వేయకూడదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. మిగతాచోట్ల చెరువు ఎవరి చేతిలో ఉందో ముందు కనుక్కోవాలి. ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలావరకు మత్స్యకార సహకార సంఘం లీజులోనో పంచాయతీ పాటలోనో ఉంటుంది. గట్టు, తూము జలవనరుల శాఖవి. నగరం లోపలివైతే జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఏ మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లాలో మారింది: కొండకర్ల ఆవ, రైవాడ అనకాపల్లి జిల్లాలోకి, అరకు గెడ్డలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. తాటిపూడి ముందునుంచీ విజయనగరమే.

సంఘం దగ్గరకి ఉత్త చేతులతో వెళ్లకండి. కాగితం మీద రాసి తీసుకెళ్లండి: ఏయే తేదీల్లో, ఎంతమంది, ఏ చేపలు మాత్రమే తీస్తాం, పట్టిన తినదగ్గ తిలాపియా ఎవరికి చెందుతుంది, పొరపాటున బొచ్చె గానీ శీలావతి గానీ పడితే వదిలేస్తాం. పట్టినది సంఘానికే ఇస్తామంటే ఒప్పందం తేలిగ్గా కుదురుతుంది. వాళ్లకీ తిలాపియా బెడదే, వదిలిన పిల్లల మేత అదే తింటుంది. అయితే కొన్నిచోట్ల రోజువారీ కూరకి, చిల్లర అమ్మకానికి జనం ఆ తిలాపియా మీదే ఆధారపడి ఉంటారు. అలాంటి చెరువులో పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఊరి నోటి దగ్గర కూడు తీసి చేసే పరిరక్షణ రెండు వారాలు కూడా నిలవదు.

సరంజామా

తిలాపియాకి ఖరీదైన రీలు అక్కర్లేదు. 10 నుంచి 12 అడుగుల వెదురు గానీ మడిచే ఫైబర్ కర్ర గానీ చాలు. కర్ర పొడవంత తంగూసు (నైలాన్ దారం), 0.18 లేదా 0.20 మిల్లీమీటర్లది. ఇంతకంటే లావు వేస్తే తేట నీటిలో చేపకి కనబడుతుంది. గేలాలు రెండు సైజులు తప్పనిసరి: అరచేయి దాటిన చేపలకి 12 నంబరు, వేలెడంత వాటికి 16. నంబరు పెరిగేకొద్దీ గేలం చిన్నది. కనీసం మూడోవంతు మంది 16 చేతపట్టకపోతే ఈ పనంతా వృథా, ఎందుకంటే మొజాంబిక్ తిలాపియా ఇరుకు చెరువుల్లో 8, 10 సెంటీమీటర్లకే గుడ్లు పెడుతుంది. పెద్ద గేలానికి తగలని ఆ చిట్టి తల్లులే చెరువుని నింపేది.

గేలం మొన వెనకనున్న కొంకిని ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. తంగూసు బిగువుగా ఉంచితే చేప జారదు. వదలాల్సిన చేప నోట్లోంచి మాత్రం సగం సమయంలో ఊడొస్తుంది. బరువుకి సీసం గుండ్ల బదులు చిన్న ఇనుప నట్టు వాడండి. తెగిపడిన సీసాన్ని నీటిపక్షులు గులకరాయనుకుని మింగుతాయి. తెగిన తంగూసు ముక్క ప్రతిదీ జేబులోకే వెళ్లాలి, కొంగ కాలికి చుట్టుకుంటే అది కుళ్లి చచ్చేదాకా ఊడదు.

బెండు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. తిలాపియా లాగదు, పీలుస్తుంది. లావు బెండు కదిలేలోపే ఎర ఖాళీ. బెండు కొన గోరంత మాత్రమే నీటి పైన నిలిచేలా బరువు సరిచూడండి. ఇవికాక, దింపు వల ఒకటి సన్న కన్నుది, మూతలున్న బకెట్లు రెండు, ఐసు పెట్టె, దుడ్డు కర్ర, పదునైన కత్తి, పొడవు ముక్కు ప్లయర్, తడిగుడ్డ, కొలబద్ద, లెక్క పుస్తకం.

ఎర

ఎర్రలతో (వానపాములతో) తిలాపియా బాగానే పడుతుంది, కానీ జెల్ల, గొరక, మట్టగిడస, ఇంగిలాయి అంతకంటే బాగా పడతాయి. మనం పట్టకూడనివి అవే. అందుకని ఎర్రలు ఇంట్లో పెట్టి పిండి ముద్ద తీసుకెళ్లండి. గోధుమపిండి 200 గ్రాములు, మెత్తటి తవుడు 50, వేరుశెనగ చెక్క పొడి 50. నీళ్లు కొద్దికొద్దిగా, మొత్తం 120 మిల్లీలీటర్ల దాకా. చపాతీ ముద్దకంటే కాస్త గట్టిగా పిసికి, తడిగుడ్డలో అరగంట ఉంచాలి. గేలానికి 12 అయితే శెనగగింజంత, 16 అయితే మెతుకంత. ముద్ద నీటిలో రెండు నిమిషాల్లో కరిగిపోతే పిండి తక్కువైంది. అయిదు నిమిషాలైనా కరగకపోతే గట్టిపడింది, చేప నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది.

పిండికి పరిగెలు ఎగబడే చెరువుల్లో, రాళ్ల మీది పచ్చి నాచుని దారంలా పేని గేలానికి చుట్టండి. తిలాపియా నాచు తింటుంది. పట్టు తగ్గుతుంది గానీ దాదాపు అన్నీ తిలాపియాలే వస్తాయి. చేపల్ని పోగేయడానికి మేత చల్లడం మంచిదే, పూట మొత్తానికి 250 గ్రాములు దాటొద్దు. బస్తాలు చల్లితే చేపల్ని తగ్గించడానికి వచ్చి మేపి పంపినట్టవుతుంది. మిగిలింది కుళ్లి నీరు చెడుతుంది.

బతికున్న చేపని ఎరగా ఎప్పుడూ వాడొద్దు. ఒక చెరువు తిలాపియా పిల్ల ఇంకో చెరువు చేరడానికి అదొక దారి.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా

విశాఖలో నీరు ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది, అంటే తిలాపియా ఏడాదంతా పిల్లలు పెడుతుంది. అయినా ఏప్రిల్, మే నెలలకి సాటి లేదు. చెరువు కుంచించుకుపోయి చేపలన్నీ ఒకచోట చేరతాయి. ఒక గేలం ఆ రోజుల్లో చేసే పని నవంబరులో నాలుగు గేలాలు చేయవు. పొద్దున్న 6 నుంచి 9, సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా. ఆ నెలల్లో మధ్యాహ్నం మబ్బు పడితే వెంటనే కర్రలు దించేయండి. కార్బన్ కర్ర చేతిలో ఉంటే పిడుగుకి మీరే తాటిచెట్టు. కరెంటు తీగల కింద పొడవు కర్ర ఎత్తొద్దు.

గట్టు చుట్టూ ఒకసారి తిరిగి లోతులేని చోట నీటి అడుగు చూడండి. పళ్లేల్లా గుండ్రంగా తవ్విన గుంటలు వరసగా కనిపిస్తాయి, అవి మగ తిలాపియాల గూళ్లు. చాలామంది ఇక్కడే గేలం వేసి, గంటకి పాతిక చేపలు పట్టి సంబరపడతారు. పడ్డవన్నీ మగవే. ఆడది గుడ్లని, పిల్లల్ని నోట్లో పెట్టుకుని మూడు వారాల దాకా సాకుతుంది, ఆ రోజుల్లో సరిగ్గా మేయదు, గేలం ముట్టడం అరుదు. ఖాళీ అయిన గూటికి వేరే మగది వస్తుంది. గూళ్ల మీద పట్టే చేపల లెక్క పుస్తకంలో అందంగా ఉంటుంది, చెరువులో మాత్రం ఏమీ మారదు.

కాబట్టి మనుషుల్ని మూడు చోట్ల పంచండి. మూడోవంతు గూళ్ల దగ్గర. మూడోవంతు గూళ్లకి అవతల, నీరు ఛాతీ లోతు దాటే చోట, ఎరను అడుగుకి జానెడు పైన ఉంచి. ఇక్కడ గుడ్లకి సిద్ధమవుతున్న ఆడవి మేస్తుంటాయి. మిగతావాళ్లు 16 నంబరుతో తూడు, గుర్రపుడెక్క అంచుల వెంబడి, మూరెడు లోతు నీటిలో పిల్లల మీద. సంఘంవాళ్లు విసురు వలతో వస్తామంటే కాళ్లు కడిగి పిలవండి, నోట్లో పిల్లలున్న తల్లి ఎక్కువగా దొరికేది వలకే.

బెండు పక్కకి జరగ్గానే మణికట్టుతో చిన్నగా ఎత్తాలి, గుంజకూడదు. చేపను గట్టు మీదకి విసరకుండా దింపు వలలోకి తీసుకుని, వలని అలాగే బకెట్ మీదకి తెచ్చి చేప నోట్లోంచి గేలం తీయండి. ఎప్పుడైనా నోటి నిండా పిల్లలున్న తల్లి తగిలితే, కంగారులో వాటిని ఉమ్మేస్తుంది. నీటి మీద ఉమ్మితే పట్టిన ఫలితం పోయినట్టే. అందుకే సన్న కన్ను వల.

అయిదు తిలాపియాలకి ఒకటికంటే ఎక్కువ మన చేప పడుతుంటే చోటు మార్చండి, ఎర మార్చండి. రెండూ మార్చినా అదే వరస అయితే ఆ పూటకి చాలించండి.

మిగతా మూడు పరాయి చేపలు

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చీకటి పడ్డాక మేస్తుంది. అడుగున ఆనే గేలం, 0.40 తంగూసు, వలయాకారపు గేలం 1/0 నుంచి 3/0 (ఈ సున్నా సైజుల్లో అంకె పెరిగేకొద్దీ గేలం పెద్దది). ఎర కోడి పేగు, కార్జం. వలయపు గేలానికి గుంజొద్దు, తంగూసు బిగిసేదాకా ఆగితే పెదవి మూలన తనే పట్టుకుంటుంది. గుంజారా, నోట్లోంచి జారిపోతుంది. కోడి పేగుకి తాబేలు కూడా రావచ్చు. పడితే తంగూసు పట్టి వేలాడదీయకుండా రెండు చేతులా ఎత్తి గేలం తీయాలి. ఈ చేప గాలి పీల్చుకుని తడి నేల మీద గంటలతరబడి బతుకుతుంది. సంచిలో వేసి చచ్చిందనుకుంటే దారిలో ఏ కాలువ పక్కనో జారి వెళ్లిపోతుంది.

రూప్‌చంద్ పళ్లకి తంగూసు కట్ అవుతుంది. గేలానికి ముందు జానెడు సన్న ఉక్కు తీగ కట్టండి. పిండి ముద్ద, రొట్టె, పండిన అరటిపండు ముక్క. వేళ్లు నోటి దగ్గర పెట్టకుండా పొడవు ప్లయర్‌తోనే తీయాలి.

దెయ్యం చేప గేలానికి పడదని అనుకోండి. నాచు, అడుగు మురికి నాకి బతికేది, ఎరకేం వస్తుంది? హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో డీఎన్‌ఏ ఆనవాళ్లు పరీక్షించి, తూర్పు కనుమల జలవనరుల్లో ఇది బాగా వ్యాపించిందని గుర్తించారు. దీనికి విసురు వల కావాలి, అదీ పాతది. రెక్కల ముళ్లు కొత్త వలని చీల్చేస్తాయి. మే నెలలో నీరు తగ్గినప్పుడు గట్టు వాలులో అడ్డంగా లోపలికి పోయే బొరియలు బయటపడతాయి. లోపల పసుపు గుడ్ల ముద్ద, కాపలాకి మగది ఉంటాయి. చేయి పెట్టొద్దు, అదే బొరియలో పాము కూడా ఉండొచ్చు. పొడవు కర్రకి కట్టిన ఇనుప కొక్కెంతో గుడ్ల ముద్దని లాగి, బొరియని బంకమట్టితో దిమ్మిస చేయండి. ఒక ముద్ద తీయడం, వేటలో పెద్ద చేపలు నాలుగు పట్టడంకన్నా మేలు. గట్టూ నిలుస్తుంది.

గంబూసియా గురించి అడిగేవాళ్లకి: దోమల కోసం 1928లో మన దేశానికి తెచ్చిన ఈ వేలెడు లేని చేప గేలానికి పడదు. వదిలిపెట్టండి.

చంపడం, పారేయడం

పరాయి చేప అయినా గిలగిల్లాడుతూ చావనక్కర్లేదు. తిలాపియాకి కళ్ల వెనక, నడినెత్తి మీద దుడ్డు కర్రతో ఒక్క గట్టి దెబ్బ. మొప్పల కదలిక ఆగాలి, చేపను అటూఇటూ తిప్పినా కన్ను తిరగకుండా నిలవాలి. ఆ తర్వాత మొప్పల దగ్గర కోసి, కిలో చేపకి కిలో ఐసు చొప్పున ఐసు నీళ్లలో వేయండి. దెబ్బ లేకుండా నేరుగా ఐసులో వేయడం, బకెట్లో ఊపిరాడక వదిలేయడం రెండూ తప్పు. క్యాట్‌ఫిష్ పుర్రె గట్టిది, దెబ్బకి స్పృహ తప్పిన వెంటనే కత్తి మొన మెదడులోకి దించాలి. దెయ్యం చేపకీ అంతే. చేతికి మందపాటి తొడుగు తప్పదు.

తినదగ్గ చెరువు అయితే తిలాపియా కూరకి, సంఘానికి. ఫ్యాక్టరీల నీరు, నగరం మురుగు కలిసే గెడ్డల చేపని పిల్లికి కూడా పెట్టకండి. తినని వాటిని గట్టున పారేస్తే కుక్కలు, కొంగలు చేరతాయి. దెయ్యం చేప ముళ్లు పక్షి గొంతులో అడ్డం పడతాయి. రెండడుగుల గొయ్యి, పైన సున్నం, పైన మట్టి, నీటికి దూరంగా. లేదా ఎరువు చేయండి: కిలో చేప ముక్కలు, కిలో బెల్లం, మూత వదులుగా పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో నీడన మూడు వారాలు. వడకట్టి లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి పైరుకి కొట్టొచ్చు. ప్రకృతి సేద్యం రైతులకి ఇది తెలిసిన మందే. మూత బిగిస్తే గ్యాసుకి డబ్బా పగులుతుంది.

మన చేప పడితే

చేతులు తడిపి పట్టుకోండి, పొడి చేతికి ఒంటి జిగురు ఊడొచ్చి తర్వాత బూజు పడుతుంది. నీటిలోనే ఉంచి గేలం తీయండి. గొంతులోకి మింగేస్తే లాగొద్దు, తంగూసు నోటి దగ్గర కోసి వదిలేస్తే బతికే అవకాశం ఎక్కువ. కొరమీను, పండుగప్ప, వాలుగ ఎంత ఊరించినా నీటిలోకే. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన బుడగలు తీస్తూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కొరమీనులు కాపలా ఉన్నట్టు. ఆ మూల గేలం వేయకండి.

ఇంగిలాయి గుచ్చితే నొప్పి ప్రాణం తీస్తుంది. చేయి తట్టుకోగలిగినంత వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచండి, నీళ్లు చల్లారితే మార్చండి. ముల్లు ముక్క లోపలుంటే, వాపు పెరిగితే ఆసుపత్రికి. ధనుర్వాతం సూది పడిందో లేదో చూసుకోండి.

లెక్క

ప్రతి పూటకీ నాలుగు అంకెలు: ఎన్ని గేలాలు, ఎన్ని గంటలు, ఏ చేప ఎన్ని, వాటి పొడవు. ముగ్గురు మూడేసి గంటలు వేస్తే తొమ్మిది గేలపు గంటలు. 54 తిలాపియాలు పడితే గంటకి 6. రోజుకెన్ని పట్టారన్నది ముఖ్యం కాదు, ఈ 6 నెలనెలా దిగుతోందా లేదా అన్నదే ముఖ్యం. మనుషులు పెరిగితే పట్టు పెరుగుతుంది, చేప పెరిగినట్టు కాదు.

చెరువులో మొత్తం ఎన్ని ఉన్నాయో అంచనాకి చిన్న కిటుకు ఉంది. ఒకే శ్రమతో, అంటే అన్నే గేలాలు, అన్నే గంటలు, అదే ఎరతో వారం లోపు రెండుసార్లు పట్టండి. మొదటిసారి 60, రెండోసారి 45 అనుకుందాం. మొదటి అంకెని దానితోనే గుణించి, రెండింటి తేడాతో భాగించాలి: 3600ని 15తో భాగిస్తే 240. గేలానికి తగిలే సైజులో మొదట 240 ఉంటే, 105 తీసేశారు, 135 మిగిలాయి. దీన్ని గట్టిగా నమ్మకండి. గేలం తప్పించుకున్న చేప రెండోసారి జంకుతుంది కాబట్టి రెండో అంకె తగ్గి, అంచనా అసలుకంటే తక్కువ చూపుతుంది. రెండోసారి ఎక్కువే పడితే ఈ లెక్క పనికిరాదు.

పొడవుల పట్టీ ఇంకో సంగతి చెబుతుంది. గంటకి పడేవి తగ్గుతూ సగటు పొడవు పెరుగుతుంటే పని ఫలిస్తోంది. పడేవి తగ్గకుండా పొడవు మాత్రం దిగిపోతుంటే పెద్దవాటినే తీస్తున్నారు, 16 నంబరు గేలాలు పెంచండి. ఏప్రిల్, మేలో వారానికి రెండు పూటలు, మిగతా నెలల్లో పదిహేను రోజులకి ఒకటి, ఇది కనీసం. నెలన్నర ఆగితే తిలాపియా ఇంకో ఈత ఈనేసి ఉంటుంది.

మళ్లీ రాకుండా

అక్వేరియం ఖాళీ చేసేవాళ్లు, పుణ్యానికి చేపలు వదిలేవాళ్లు, పెంపకపు గుంటల పొంగు. కొత్త చేప వచ్చే ముఖ్యమైన దారులు ఈ మూడు. మొదటి రెండింటికి గట్టు మీద తెలుగులో బోర్డు, అమ్మిన కొట్టుకే చేపని తిరిగిచ్చే ఏర్పాటు. మూడోది వాన పని. అక్టోబరు తుపానుకి ఎగువ గుంట తెగితే అందులో ఉన్నదంతా మీ చెరువులోకే. పొంగిన వారంలోనే ఒక పూట గేలం వేసి చూడండి, కొత్త రకం మొదటి చేప దొరికితే ఫోటోతో మత్స్యశాఖకి తెలపండి.

తూము నోటికి సన్న వల కట్టమని చాలామంది సలహా ఇస్తారు. ఎగువన పెంపకపు గుంటలుంటేనే కట్టండి, రోజూ చెత్త దులపండి. దులపకపోతే నీరు వలనైనా తెంపుతుంది, గట్టునైనా తెంపుతుంది. ఎగువన మామూలు గెడ్డ ఉంటే కట్టొద్దు. జూన్ తొలి వానలకి గొరక, మార్పు, కొరమీను ఎదురీదుతూ గుడ్లకి పోయే దారి అదే.